ఏడు గొట్టాలు, ఒక తులసి మాల

ఇది ఇతిహాసం. ఇందులో దీక్ష ఉంది, దీక్షాభంగం ఉంది, మృత్యువుతో పోరాటం ఉంది, వంశం నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న ఉంది. చనిపోయిన మనిషి స్వయంగా వచ్చి తలుపు తీసిన ఘట్టం కూడా ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

ఇంతవరకు రాసి, లేచి ఇంట్లో నాలుగు చుట్లు తిరిగి వచ్చి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అసలు జరిగింది ఇంతే. ఇరవై ఆరేళ్ల పంచాయతీ కార్యదర్శి ఒకడు, మెడలో గడ్డతో, చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాతో, హనుమకొండలో ఒక చిన్న గదిలోకి వెళ్లి బయటికి వచ్చాడు. రెండుసార్లు. మందులు మొదలయ్యేలోపు ఆ గదికి వెళ్లాలన్న సంగతి నాకు దాదాపు తెలియకుండానే పోయేది. మీలో ఎవరికైనా తెలియకుండా పోతుందేమోనని రాస్తున్నాను. కూర్చుంటే కాళ్లు ఊరికే ఆడుతున్నాయి, వాటికి ఒక పని అని కూడా.

నవంబర్

నా ఉద్యోగం టేకుమట్ల మండలంలోని ఒక ఊళ్లో. పుట్టినవాళ్లకు కాగితం ఇస్తాను, పోయినవాళ్లకు కాగితం ఇస్తాను, మధ్యలో ఉన్నవాళ్లను ఇంటి పన్ను అడుగుతాను. భూపాలపల్లిలో అద్దె గది. సొంతూరు జనగామ జిల్లా, చిల్పూర్ పక్కన. అక్కడ అమ్మ ఒక్కతే ఉంటుంది. బాపు నా పదో తరగతిలోనే పోయాడు.

ఉద్యోగం రెగ్యులర్ అయితే నాతో అయ్యప్ప మాల వేయిస్తానని అమ్మ మొక్కుకుంది. గమనించాలి, మొక్కు ఆమెది, చన్నీళ్ల స్నానం నాది. రెగ్యులర్ అయింది. భూపాలపల్లిలో వెల్డింగ్ షాపు నడిపే యాదగిరి గురుస్వామి దగ్గర మాల వేసుకున్నాను. తొలిసారి వేసుకునేవాణ్ని కన్నెస్వామి అంటారు. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, బ్రహ్మచర్యం. చివరిది నాకు పెద్ద కష్టమనిపించలేదు. అంతకుముందు కూడా దానికి భంగం కలిగించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

గురుస్వామి మంత్రం చదువుతూ తులసి మాల నా మెడలో వేసి, సర్దుతూ సర్దుతూ ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఇనుప అతుకులను వేళ్లతో తడిమి చూసే మనిషి. ఎడమవైపు, భుజం ఎముకకు కాస్త పైన, ఒకేచోట రెండుసార్లు నొక్కాడు.

"స్వామీ, గిదేంది? గడ్డ లెక్కుంది."

"కొవ్వు గడ్డ కావచ్చు స్వామీ."

"నీ ఒంట్ల కొవ్వేడిది స్వామీ? రేపే దవాఖానకు పో."

వరంగల్‌లో ఆ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ నేను ఒకచోట కూర్చోలేకపోయాను. కుర్చీలో కూర్చుంటే చెయ్యి మెడ మీదికి పోయేది, అందుకని లేచి తిరిగేవాణ్ని. ఊళ్లో మురుగుకాలువలన్నీ రెండేసిసార్లు తనిఖీ అయ్యాయి. వీధి దీపాలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెడితే ఒకటి తగ్గింది, అందుకని మూడోసారి లెక్కపెట్టాను. స్వామి మాల వేసుకున్నాక పని మీద ఎంత శ్రద్ధ పెరిగిందో అని జనం ముచ్చటపడ్డారు.

రిపోర్టులో లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని వచ్చింది. డాక్టర్ మంచివాడే, కాకపోతే నా వెనక నలభైమంది ఉన్నారు. "నయమయ్యే రకం. సోమవారం మందులు మొదలుపెడదాం" అన్నాడు. ఆయన చెప్పింది రెండు వాక్యాలు, నాకు వినిపించింది రెండో వాక్యం.

మందులెక్కించే వార్డులో తేదీ రాయించుకోవడానికి వెళ్తే, యాభై దాటిన సిస్టర్ ఒకామె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"పెండ్లయిందా స్వామీ?"

"లేదు సిస్టర్."

"మరి డాక్టర్‌ను అడిగినవా?"

"పెండ్లి గురించా?"

ఆమె నవ్వలేదు. "గీ మందులు పడ్డంక కొందరికి పిల్లలు పుట్టరు. అందరికి గాదు, కొందరికి. ముందుగల్లనే తీసి దాపెట్టుకునేది ఉంటది. ఒక్కసారి మందు ఒంట్లకు పోయినంక అడిగితే ఏం ఫాయిదా? జర పోయి అడుగు. సిగ్గుపడకు."

డాక్టర్ తల ఊపి, ఈ మాట తనే ముందు చెప్పాల్సిందని ఒప్పుకున్నాడు. సోమవారాన్ని బుధవారం చేశాడు. అంతకుమించి ఆగడం మంచిది కాదన్నాడు. అప్పటికి గురువారం. అంటే నా పుట్టబోయే పిల్లలకు ఆరు రోజుల గడువు. మా ఆఫీసులో నల్లా కనెక్షన్‌కు కూడా అంతకంటే ఎక్కువ ఇస్తాం.

గురువారం

నేరుగా హనుమకొండలోని సంతాన సాఫల్య కేంద్రానికి పోయాను. నల్లబట్టలు, ఉత్తకాళ్లు, నుదుటన గంధం. హాలంతా జంటలు. గోడల నిండా బొద్దు పిల్లల ఫొటోలు. నేను ఒక మూల నిలబడ్డాను. దీక్షలో ఉన్నవాళ్లను మా దగ్గర దేవుడితో సమానంగా చూస్తారన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఒక ఆడబిడ్డ వచ్చి దూరం నుంచే వంగి దండం పెట్టింది.

"స్వామీ, జర దీవించుండ్రి. ఆరేండ్లాయె తిరుగవట్టి."

కాదనడానికి లేదు. చెయ్యెత్తి శరణు చెప్పి, "మంచిగ అయితది మాతా" అన్నాను. భర్త కూడా వంగాడు. అది చూసి పక్క జంట లేచింది. పది నిమిషాల్లో నలుగురు దంపతులకు సంతానం ప్రసాదించాను. ఐదో జంట వంగుతుండగా కౌంటర్ అమ్మాయి గట్టిగా పిలిచింది: "అనిల్ గారూ! శాంపిల్ దాపెట్టుకోనీకి వచ్చింది మీరేనా?"

ఐదో జంట మర్యాదస్తులు. వంగినవాళ్లు వంగినట్టే పూర్తిచేసి, మెల్లగా వెళ్లి కూర్చున్నారు.

టెక్నీషియన్ నన్ను లోపలికి తీసుకుపోయి పద్ధతి చెప్పాడు. చెబుతూ చెబుతూ నా మెడ వంక చూశాడు.

"మరి మాల మీద ఎట్ల ఇస్తరు స్వామీ?"

సమాధానం కూడా అతనే చెప్పాడు. "గురుస్వామిని అడగుండ్రి" అన్నాడు. వైద్యశాస్త్రం ఇచ్చిన సలహాల్లో నేను వెంటనే పాటించింది అదొక్కటే.

శుక్రవారం

వెల్డింగ్ షాపు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాక గురుస్వామే పిలిచాడు. మాల తీయాలన్నాను. ముఖం మీది అద్దం పైకెత్తాడు.

"ఎవలు పోయిండ్రు స్వామీ?"

ఆ ప్రశ్న సహజం. మధ్యలో మాల తీసేది ఇంట్లో చావు జరిగితేనే.

"ఎవలు పోలే. నాకే జబ్బు."

"జబ్బుకు మాల తీసుడెందుకు? గోలీలు మింగు. మన సన్నిధానంల షుగరోళ్లున్నరు, గుండెల స్టెంటు ఏయించుకున్నాయన ఉన్నడు."

ఇక తప్పలేదు. "భవిష్యత్తులో సంతాన అవసరాల నిమిత్తం జీవకణముల నిల్వ..." అని ఆఫీసు భాషలో మొదలుపెట్టాను.

"స్వామీ, మనిషి లెక్క చెప్పు."

చెప్పాను. ఆయన మిషన్ బంద్ చేశాడు. చేతులు కడుక్కున్నాడు. ఒకసారి కడిగిన చేతులే మళ్లీ కడుక్కున్నాడు. నాకు కాళ్లు నిలవడం లేదు, ఇనుప కమ్ములు లెక్కపెడుతున్నాను.

"నీ గడ్డను పట్టిచ్చింది గీ మాలనే గద స్వామీ" అన్నాడు చివరికి. "దాని పని అది చేసింది. ఇగ నీ పని నువ్వు చేసుకో."

గుడికి తీసుకుపోయి, మంత్రం చెప్పి, తీసి, స్వామి పాదాల దగ్గర పెట్టాడు. "మంచిగైనంక మళ్ల రా. మళ్ల కన్నెస్వామివే. చన్నీళ్లు తప్పుతయనుకోకు." ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నాను. "సొంత కారణాలు అను. అబద్ధం గాదు గద."

పాపం, ఆయన ఆ సలహా మంచి మనసుతోనే ఇచ్చాడు.

శనివారం

ముందు ఫారం. ఒకచోట 'నేను మరణించిన పక్షంలో వీటిని ఏమి చేయవలెను' అని ఉంది. మరణాల ఫారాలు నేను వందల సంఖ్యలో నింపించాను. వాటిలో ఒక సౌకర్యం ఉంటుంది, నింపేది పోయినవాడు కాదు. పెన్ను నొక్కుతూ వదులుతూ చాలాసేపు కూర్చున్నాను. పారవేయవలెను అన్న గడిలో టిక్కు పెట్టాను. పెట్టాక ఆ హాల్లో నేను మాత్రమే లేచి నిలబడి ఉన్నానని గమనించాను.

గదిలో ఒక కుర్చీ, ఒక సింకు, గోడకు దేవుడి క్యాలెండర్. నాకంటే ముందు వచ్చిన ఎవరో పెద్దమనిషి దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. ఆయనెవరో గానీ ఈ వ్యాసంలో నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నది ఆయనకే. మిగతాది రాయను. రాయదగినంత ఏమీ లేదు కూడా. ప్రాణభయంలో ఉన్నవాడికి అది కూడా ఇంకో పరీక్షే.

టెక్నీషియన్ అరగంట తర్వాత వచ్చాడు. "ఎన్ని రోజులాయె అన్నా?"

"ఇరవై రెండు." కొంచెం గర్వంగానే చెప్పాను.

"రెండు నుంచి ఐదు చాలు. గిన్ని దినాలైతే కదలిక తగ్గుతది. లెక్కకైతే మస్తుగున్నయి, గని కదుల్తలేవు."

సిబ్బంది నిండుగా ఉన్నారు, ఒక్కరూ సీట్లోంచి లేవడం లేదు. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవాణ్ని, నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. అయినా మూడు గొట్టాల్లో నింపి దాచారు. ఇవి చాలకపోవచ్చు, మంగళవారం మళ్లీ ఇస్తే నయం అన్నాడు. బుధవారం మందులు. మధ్యలో ఒక్కరోజు కూడా తప్పిపోవడానికి లేదు.

ఆదివారం

అమ్మకు చెప్పాలి కదా అని ఊరికి పోయాను. మెడ మీద గడ్డ ఉందని, పరీక్షలు చేస్తున్నారని మాత్రమే ఆమెకు తెలుసు. నీలం చొక్కా, కాళ్లకు చెప్పులు. నల్లా దగ్గర మా పక్కింటి రాజవ్వ బిందె కింద పెట్టింది.

"మాలేదిరా? ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలేదవ్వా. సొంత కారణాలు."

రాజవ్వ నన్ను జాలిగా చూసింది. ఆమె లెక్కలో సొంతం అంటే సొంతవాళ్లు. ఎవరో దగ్గరివాళ్లే పోయారు, తల్లికి అన్నం తిన్నాక చెబుదామని పిలగాడు దాస్తున్నాడు. మా కుటుంబంలో పోవడానికి సిద్ధంగా ఉన్నవాడు ఒక్కడే, మానుకోటలో ఉండే మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ల అన్న. ఎనభై ఏళ్లు, మూడు నెలలుగా మంచం. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. నేను ఇంటికి చేరి, చెప్పులు విప్పి, మాట ఎలా మొదలుపెట్టాలా అని వాకిట్లో తిరుగుతుండగానే మా దాయాదులు, ఊళ్లో పాలివాళ్లంటాం, తొమ్మిదిమంది పూలదండ, కొత్త బట్ట పట్టుకుని మానుకోటకు ఆటో ఎక్కారు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అన్నం పెడుతున్న అమ్మే స్పీకర్ నొక్కింది.

"అరేయ్ అనిల్‌గా! నేను సచ్చిన్నట గదరా?"

"లేదు పెద్దబాపూ."

"లేదని నాకెర్కలేదా? లేవలేనోన్ని లేచి నేనే తలుపు తీసిన. తొమ్మిదిమంది ఎదురుంగ నిలవడి ఏడుస్తుండ్రు. ఊకోండ్రి అంటె ఇంక ఎక్కువైతుంది. నువ్వు మాలెందుకు తీసినవో చెప్పు. లేకుంటె వీళ్లు దండ ఏసెటట్టే ఉన్నరు."

"తర్వాత చెప్త పెద్దబాపూ."

గరిటె పట్టుకున్న అమ్మ కదల్లేదు. "ఇప్పుడే చెప్పు" అంది.

అమ్మ ముఖం చూసి చెప్పలేక ఫోన్‌కు చెప్పాను. క్యాన్సర్ అని. బుధవారం మందులని. మందులు పడితే పిల్లలు పుట్టకపోవచ్చు కాబట్టి ముందే తీసి దాపెట్టడానికి మాల తీశానని. చెప్పాక తెలిసింది, అవతల కూడా స్పీకరే పెట్టారని. తొమ్మిదిమంది ఏడుపూ ఒక్కసారిగా ఆగింది.

"మంచి పని చేసినవు బిడ్డా" అన్నాడు పెద్దబాపు. తర్వాత, "మరి గీ దండేం జెయ్యాలె?"

"దేవుని ఫొటోకు ఎయ్యి."

ఫోన్ పెట్టేశాను. నేను గుమ్మం దాకా పోయి వచ్చాను. మళ్లీ పోయాను.

"ఓ తాన కూసోరా!" అని అరిచింది అమ్మ. కూర్చున్నాను. "మాల తీసినందుకు గాదు నా బాధ. దేవునితోని నేను మాట్లాడుకుంట. గా వెల్డింగాయనకు చెప్పినవు, ఎవలో సిస్టర్‌కు చెప్పినవు. నాకు చెప్పనీకి నీకు మీ పెద్దబాపు సావాల్సొచ్చిందా?"

నాకు వెంటనే జోక్ ఏదీ రాలేదు. ఇన్ని నెలల్లో అది ఆ ఒక్కసారే.

"బతుకుతవా?" అంది.

"నయమయ్యే రకమే అన్నరమ్మా."

ఆమె గరిటె కింద పెట్టి, కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. "మంగళవారం నేను గూడ వస్త."

మంగళవారం

వద్దంటే వినలేదు. సద్దిడబ్బాతో సహా వచ్చి, హాల్లో బొద్దు పిల్లల ఫొటోల కింద కూర్చుంది. నేను లోపలికి పోయాను. ఒక మనిషి జీవితంలో తన తల్లి తలుపు అవతల ఉండకూడని సందర్భాలు కొన్ని ఉంటాయి, వాటన్నిటికీ అధ్యక్షత వహించే సందర్భం అది. తలుపు పల్చనిది. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"బిడ్డా, మా పిలగాడు లోపటికి పోయి చానసేపాయె. జర చూస్తవా?"

"టైం పడుతదమ్మా. మీరు కూసోండ్రి."

"పొద్దుగాలటి నుంచి ఏం తినలే వాడు. కండ్లు తిరుగుతయేమో."

"ఏం కాదమ్మా."

"తలుపు కొట్టి చూడరాదు?"

కొట్టలేదు. ఆ టెక్నీషియన్ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఈసారి కదలిక బాగుందన్నాడు. నాలుగు గొట్టాలు. మొత్తం ఏడు. అమ్మ వదల్లేదు.

"కరెంటు పోతె ఎట్ల బిడ్డా? మా దిక్కు ఊకె పోతది."

"గిది కరెంటుతోని నడవదమ్మా. నైట్రోజన్ పోస్తం."

"పోసుడు మర్చిపోతె?"

"మర్చిపోమమ్మా."

చివరికి ఆమెను నమ్మించడానికి అతను డ్రమ్ములాంటి ట్యాంకు మూత ఎత్తి చూపించాడు. తెల్లటి పొగ లేచింది. అమ్మ రెండు చేతులూ జోడించి మొక్కింది. ఆమె మొక్కు అయ్యేదాకా అతను మూత అలాగే పట్టుకున్నాడు.

డిసెంబర్ నుంచి జూన్ దాకా

సెలవు పెట్టి ఊళ్లో అమ్మ దగ్గరే ఉన్నాను, పదిహేను రోజులకోసారి మందులు. ఎక్కించిన నాలుగు రోజులు నోట్లో ఇనుప రుచి, మిగతా రోజులు తిరుగుడు. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే పడుకోవాలనిపించేది. ఇంటి వెనక మా గేదె కూడా కట్టుతాడుతో అంత తిరగలేదు. జుట్టు పోయింది. నన్ను చూసి ఏ గుడిలో గుండు చేయించుకున్నావని అడిగినవాళ్లకు గుడి పేరు చెప్పేవాణ్ని, ప్రతిసారీ వేరే గుడి. జనవరిలో గురుస్వామి శబరిమల నుంచి వచ్చి, ప్రసాదం డబ్బా ఇచ్చి, నా మెడను వేళ్లతో తడిమి చూశాడు. "తగ్గింది" అన్నాడు. స్కాన్‌లో ఆ మాట రావడానికి ఇంకో నెల పట్టింది.

రహస్యం అనే కష్టం మాత్రం నాకు లేకుండా పోయింది. ఆటో తొమ్మిదిమందీ తమ తమ ఇళ్లకు పోయి చెప్పారు. నా పిల్లలు హాస్టల్లో చదువుకుంటున్నట్టు, ఊళ్లో ఎదురైన ప్రతివాళ్లూ అడుగుతారు: "హనుమకొండల అంత మంచిదేనా?" మంచిదే అంటాను. మొదట్లో భూమిలోకి పోవాలనిపించేది. మార్చిలో మానుకోట దగ్గరి గూడూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆటోలో ఉన్న ఒకరికి చుట్టం. కొడుకుకు ఇరవై ఒకటి, ఎముకలో క్యాన్సర్, ఇంకో నాలుగు రోజుల్లో మందులు. "గా దాపెట్టేది ఏడనో జర చెప్తవా బిడ్డా" అన్నాడు. అడ్రసు చెప్పాను, దీక్షలో ఉన్నాడా అని అడిగి తెలుసుకున్నాను, సిగ్గుపడొద్దని చెప్పమన్నాను. ఆ తర్వాత ఎవరడిగినా నాకు భూమిలోకి పోవాలనిపించలేదు.

ఆ తర్వాత

జబ్బు పోయింది. డాక్టర్ ఆ మాటను అంత గట్టిగా అనడు, "ప్రస్తుతానికి ఏమీ లేదు" అంటాడు. మా ఆఫీసు భాష అలవాటున్నవాణ్ని, అదే చాలు.

మందులు ఆపిన ఏడాదిన్నరకు, నా సొంత ఉత్పత్తి ఎలా ఉందో చూడమన్నారు. ఈసారి వరంగల్‌లోనే వేరే ల్యాబు. కాగితం చేతికిచ్చారు. మొదటి వరుసలో సున్నా. సున్నాను నేను ఎన్నో పట్టికల్లో చూశాను, ఎప్పుడూ అంత గుండ్రంగా కనిపించలేదు. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది ఆగి చూద్దాం అన్నాడు డాక్టర్.

బస్టాండు దాకా నడిచాను. ప్లాట్‌ఫారాల చుట్టూ తిరిగాను. జనగామ బస్సు వచ్చి పోయింది. ఇంకోటి వచ్చి పోయింది. అమ్మకు ఫోన్ చేద్దామని తీసి, హనుమకొండ కేంద్రానికి చేశాను.

పేరు చెప్పాను. "నావి ఉన్నాయా?" అని అడిగాను.

అవతల కీబోర్డు చప్పుడు. ఎవరితోనో ఏదో అనడం. మళ్లీ చప్పుడు. నేను ఒక స్తంభం చుట్టూ తిరుగుతున్నాను.

"ఉన్నయి సార్. ఏడు. అన్ని మంచిగనే ఉన్నయి."

ఆగాను. నిజంగా ఆగాను, రెండు కాళ్లూ. ఏదో చెప్పాలనుకున్నాను, ఫోన్‌లో ఉన్నామెకు, ఆ సిస్టర్‌కు, ఆ పొగకు.

"సార్, వింటున్నరా? ఈ ఏడాది రెన్యువల్ ఫారం రెండో పేజీల మీ సంతకం లేదు. మీరే రావాలె, ఇంటోళ్లు చేస్తె చెల్లది. ఆధార్ జిరాక్స్ గూడ తేండ్రి. ఒంటిగంట నుంచి రెండు దాక లంచ్. రెండో శనివారం సెలవు."

ఆధార్ రెండు వైపులా ఒకే కాగితం మీద రావాలి. జిరాక్స్ తీసే మనిషికి ముందే చెప్పాలి, లేకపోతే రెండు కాగితాలు తీస్తాడు.